సముద్ర పటాలలో తెలుగు నావికుల జాడలు

రాజుల చరిత్ర శాసనాలలో ఉన్నది. కవుల చరిత్ర కావ్యాల అవతారికలలో ఉన్నది. దేవాలయాల చరిత్ర వాటి గోడల మీదనే చెక్కి ఉన్నది. కాని తెరచాప ఎత్తినవాని చరిత్ర, చుక్కాని పట్టినవాని చరిత్ర, ఓడకు పలక బిగించినవాని చరిత్ర ఎక్కడ ఉన్నది? అతడు శాసనం వేయించలేదు, గ్రంథం వ్రాయలేదు. అంతమాత్రాన అతనికి చరిత్రే లేదని తలచరాదు. ఆ చరిత్ర ఇతరుల కాగితాలలో, ముఖ్యంగా పాశ్చాత్య నావికులు తమ అవసరం కొరకు గీసికొన్న సముద్ర పటాలలో, పేరు లేకుండా దాగి ఉన్నది.

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట వెలసిన యానాం వాసులకు ఇది దూరపు విషయం కాదు. ఈ పాఠశాల తరగతి గదులలో డెబ్బది అయిదు సంవత్సరాలుగా కూర్చున్న బాలబాలికలలో అనేకుల పూర్వులు వల లాగినవారు, పడవ నడిపినవారు, కోరంగి రేవులో కలప చెక్కినవారు, రంగూను ఓడ ఎక్కినవారు. ప్లాటినం జూబిలీ సందర్భాన పాఠశాల చరిత్రతో పాటు ఆ పూర్వుల చరిత్రను కూడా స్మరించడం సముచితం. అందుకు సముద్ర పటాలు మంచి ఆధారం.

పటానికి పూర్వం

తూర్పు తీరపు నౌకాయానం పాశ్చాత్యుల రాకతో మొదలైనది కాదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ అనే గ్రంథంలో ‘మసాలియా’ అనే తీరప్రాంతం ప్రసక్తి కలదు. అక్కడ సన్నని నూలు వస్త్రాలు విస్తారంగా తయారవుతాయని ఆ గ్రంథకర్త వ్రాశాడు. ఆ తీరానికి దక్షిణాన ఉన్న రేవులను వర్ణిస్తూ, దుంగలను జతచేసి కట్టిన పెద్ద పడవలను, గంగా ముఖానికి, స్వర్ణభూమికి పోయే మహానౌకలను కూడా పేర్కొన్నాడు.

2వ శతాబ్దంలో టాలమీ వేలాది ప్రదేశాలకు అక్షాంశ రేఖాంశాలను నిర్ణయిస్తూ భూగోళ గ్రంథం రచించాడు. అందులో ఈ తీరం ‘మైసోలియా’ అయినది. అతడు పేర్కొన్న ‘కంటకోస్సిల’ నేటి ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. స్వర్ణభూమికి పోయే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రంలోకి తిరిగే స్థలం ఒకటి ఈ తీరంలోనే ఉన్నదని కూడా అతడు వ్రాశాడు. తీరం వెంబడి భయపడుతూ సాగే నావలకు అటువంటి స్థలంతో పని లేదు. నేల కనుమరుగయ్యే సముద్రంలోకి ధైర్యంగా తిరిగినవారు ఉండబట్టే ఆ స్థలం ఒక విదేశీయుని గ్రంథానికి ఎక్కినది.

అదే కాలంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు స్తంభాల ఓడ గుర్తుతో నాణేలు వేయించాడు. ఘంటసాలలో లభించిన ఒక ప్రాకృత శాసనంలో ‘మహానావికుడు’ శివకుని పేరు కలదు. బౌద్ధ క్షేత్రానికి దానం చేసిన సందర్భంలో ఆ పేరు రాతికి ఎక్కినది. ఈ తీరపు నావికులలో పేరుతో సహా మనకు తెలిసిన అతి కొద్దిమందిలో శివకుడు ఒకడు. లెక్కకు మించిన ఇతరులు పేరు లేకుండానే సముద్రాన్ని దాటారు.

1244-45లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం సుప్రసిద్ధం. తుఫానుకు కొట్టుకొని వచ్చి ఒడ్డున పగిలిన ఓడలలోని సర్వస్వాన్ని పూర్వపు రాజులు బలవంతంగా హరించేవారనీ, తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసికొనననీ ఆయన ప్రకటించాడు. సముద్ర వర్తకుని కష్టాన్ని ఒక పాలకుడు గుర్తించి, ఆ గుర్తింపును రాతిపై చెక్కించడం విశేషం. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే రేవులో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. అవచి తిప్పయ సెట్టి వంటి వర్తకులు ద్వీపాంతరాల నుంచి సుగంధద్రవ్యాలు తెప్పించిన కాలం ఆ తరువాతిదే. శ్రీనాథుడు తన హరవిలాసాన్ని ఆ తిప్పయ సెట్టికే అంకితమిచ్చాడు.

సముద్ర పటమంటే ఏమి?

భూపటం వేరు, సముద్ర పటం వేరు. భూపటంలో నేల మీద వివరాలు నిండి, సముద్రం ఖాళీగా నీలిరంగుతో ఉంటుంది. సముద్ర పటంలో నేల దాదాపు ఖాళీ. నీటి మీదనే అంకెలు నిండి ఉంటాయి. ఆ అంకెలు లోతులు. తాడుకు సీసపు గుండు కట్టి నీటిలోకి విడిచి, నేల తగిలిన చోట తాడును కొలిచి, ఆ కొలతను పటం మీద గుర్తించేవారు. గుండు అడుగున కొవ్వు పూసేవారు. అడుగున ఉన్న ఇసుక, ఒండ్రు, గుల్ల ఏదైనా ఆ కొవ్వుకు అంటుకొని పైకి వచ్చేది. దానిని కూడా పటంలో వ్రాసేవారు. చీకటిలో, పొగమంచులో ఒడ్డు కానరాని నావికునకు ఆ మట్టి రంగే దారి చెప్పేది.

ఆ లోతుల కొలత పేరు గమనింపదగినది. ఇంగ్లీషు పటాలలో అది ‘ఫాదం’, అనగా 6 అడుగులు. రెండు చేతులు బారజాపిన కొలత అని ఆ మాటకు మూలార్థం. ఫ్రెంచి పటాలలో అది ‘బ్రాస్’. అందులోనూ ఉన్నది చేతులే. గోదావరి మొగల వద్ద వల వేసే జాలరి కూడా తాడును రెండు చేతులా చాచి కొలుస్తూ ‘ఇన్ని బారల లోతు’ అంటాడు. లండనులో, పారిస్‌లో అచ్చయిన పటానికి, యానాం ఒడ్డున పడవలోని తాడుకు కొలత ఒకటే. అది మనిషి చేతుల వెడల్పు. సముద్ర విద్య ఏ ఒక్క జాతి సొత్తూ కాదనడానికి ఇంతకంటె సులభమైన నిదర్శనం ఉండదు.

విదేశీయుల పటాలు, తెలుగు పేర్లు

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో మచిలీపట్నంలో వర్తక స్థావరాలు నెలకొల్పారు. అప్పటి నుంచి ఈ తీరానికి పటాలు వరుసగా వెలువడినవి. డచ్చి కంపెనీ తన పటాలను చాలాకాలం రహస్యంగా ఉంచినది. తోలు పత్రాలపై చేతితో గీయించి ఓడ నాయకులకు ఇచ్చి, ప్రయాణం ముగియగానే తిరిగి తీసికొనేది. 1753లో వాన్ కూలెన్ ప్రచురణాలయం వారు ‘సముద్ర దివిటీ’ అనే అర్థం వచ్చే గ్రంథమాలలో ఆరవ సంపుటాన్ని అచ్చువేసిన తరువాత గాని ఆ జ్ఞానం బయటి ప్రపంచానికి విరివిగా అందలేదు. ఫ్రెంచివారిలో దాప్రె ద మాన్‌విలెట్ 1745లో ‘నెప్ట్యూన్ ఓరియంతాల్’ అనే పటాల సంపుటిని ప్రకటించి, 1775లో దానిని విస్తరించాడు. 1723లో యానాంలో అడుగుపెట్టి 1731లో స్థిరపడిన ఫ్రెంచివారి ఓడలకు ఆధారమైనవి ఇటువంటి పటాలే.

ఇంగ్లీషువారిలో అలెగ్జాండర్ డాల్రింపుల్ పదిహేనేండ్ల ప్రాయంలో మద్రాసుకు వచ్చాడు. 1779లో ఈస్టిండియా కంపెనీకి సముద్ర పటాల అధికారి అయ్యాడు. 1795లో బ్రిటిష్ నౌకాదళానికి ఆ పదవిలో మొదటివాడయ్యాడు. మద్రాసులోని సర్వేయరు మైకేల్ టాపింగ్ 1785లో మచిలీపట్నం నుంచి కలకత్తా వైపు భూమార్గాన పయనిస్తూ, ఖగోళ పరిశీలనల ద్వారా తీరంలోని ముఖ్యస్థలాల స్థానాలను నిర్ణయించాడు. తరువాత కృష్ణా గోదావరి నదుల మట్టాలను కొలిచే పని కూడా చేపట్టాడు. కాటన్ ధవళేశ్వరం ఆనకట్టకు అర్ధశతాబ్దం ముందటి మాట ఇది. టాపింగ్ 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు.

వీరి శ్రమను తక్కువ చేయరాదు. కాని ఆ పటాలను శ్రద్ధగా చదివితే వారి ప్రక్కన మరొక మనిషి కనిపిస్తాడు. ‘గొర్దెవారె మొన’ అని ఇంగ్లీషు పటాలలో ఉన్నది గోదావరి మొన. ‘బిమిలిపటం’ అన్నది భీమునిపట్నం. ‘కొకనాడ’ అన్నది కాకినాడ. కోనాడ వద్ద సముద్రంలో దాగి ఉన్న బండలకు ‘సంతపిల్లి రాళ్ళు’ అని పేరు. ఆ పేరు ఒడ్డున ఉన్న గ్రామానిది. ఈ పేర్లు పటకారులు తామే కల్పించినవి కావు. ఎవరినో అడిగి తెలిసికొన్నవే. వంకరటింకరగా వ్రాసినా అవి తెలుగువాని నోటి నుంచి వెలువడి, దొర చెవికి సోకి, సిరాగా మారిన మాటలు. ఏ పాయలో నీరు ఎంత, ఏ దిబ్బ ఏ ఋతువులో కదులుతుంది, ఏ మొగలో పోటు సమయంలో ఓడ పడుతుంది అనే సంగతులు కూడా ఆ నోటి మాటలే.

తెలుగు పేరు లేని చోట్లు కూడా కొన్ని చెబుతాయి. గోదావరి ముఖం వద్ద ఇసుక దిబ్బకు ‘సాక్రమెంటో’ అనే పోర్చుగీసు పేరు నిలిచినది. విశాఖపట్నం కొండ ముక్కు ‘డాల్ఫిన్స్ నోస్’ అయినది. కృష్ణా ముఖద్వారం వద్ద దివి మొనకు పడమటగా ఉన్న మరొక మొనను ‘ఫాల్స్ డివి’, అంటే దొంగ దివి అన్నారు. దూరం నుంచి చూచి అదే దివి అని భ్రమపడినవారు ఉండబట్టి ఆ పేరు వచ్చినది. ఆ పటాలలోని అనేక పేర్లు ఒక అపాయానికి గాని, ఒక అనుభవానికి గాని గుర్తులు.

తీరం చదునుగా ఉండే ఈ ప్రాంతంలో నావికులకు గుర్తులుగా పనికివచ్చినవి తాటితోపులు, కొండలు, దేవాలయాలు. కోణార్క ఆలయాన్ని ‘నల్ల పగోడా’ అనీ, పూరీ జగన్నాథుని ఆలయాన్ని ‘తెల్ల పగోడా’ అనీ పాశ్చాత్య నావికులు వ్యవహరించారు. భక్తులకు మోక్షద్వారమైన శిఖరం నావికునకు దిక్సూచి అయినది.

కాగితం లేని విద్య

కచ్, గుజరాత్ నావికుల చేతివ్రాత పోథీలు, పటాలు కొన్ని నేటికీ నిలిచి ఉన్నవి. తూర్పు తీరపు నావికుల విద్య మాత్రం ప్రధానంగా కంఠంలో, కంటిలో, చేతిలో నిలిచినది. దానిని గురించి విలువైన సాక్ష్యాన్ని ఇచ్చినవాడు కాంగ్రీవ్ అనే సైనికాధికారి. కోరమండల్ తీరపు దేశీయ నావికులు ఓడలు నడపడానికి, దారి తెలిసికొనడానికి, ఓడలు బాగుచేయడానికి వాడే ఉపాయాలను గురించి 1850లో మద్రాసు నుంచి వెలువడిన ఒక పత్రికలో అతడు వ్రాశాడు.

అందులో ఒక ఉపాయం విద్యార్థులందరూ తెలిసికొనదగినది. చిన్న కొయ్యపలక, దాని మధ్య నుంచి ఒక దారం, దారానికి ముడులు. పలక అడుగు అంచు సముద్రపు అంచుకు, పై అంచు ధ్రువనక్షత్రానికి ఆనేటట్లు పట్టుకొని, దారాన్ని ముఖం దగ్గరకు చేర్చి ఎన్నవ ముడి వచ్చినదో చూస్తారు. ఒక్కొక్క ముడి ఒక్కొక్క రేవుకు గుర్తు. అరబ్బు నావికులు ‘కమాల్’ అనే పేరుతో వాడినది ఈ పరికరాన్నే. దాని వెనుక ఉన్న శాస్త్రం స్పష్టం. ఉత్తరార్ధగోళంలో ధ్రువనక్షత్రం దిగంతానికి ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తే, ఆ ప్రదేశపు అక్షాంశం సుమారుగా అంత. యానాంలో ఆ ఎత్తు దాదాపు 17 డిగ్రీలు. కొలంబోలో దాదాపు 7 డిగ్రీలు మాత్రమే. దక్షిణానికి పోయే నావికునకు నక్షత్రం నీటి వైపు దిగుతుంది. తిరిగి వచ్చేవానికి పైకి లేస్తుంది. ఇంటి ముడికి నక్షత్రం అమరినప్పుడు పడమటికి చుక్కాని త్రిప్పితే స్వగ్రామపు తీరం కనిపిస్తుంది.

విద్యార్థులు అట్లాసు తెరచి మరొక సంగతి గమనించవచ్చు. కోరంగి రేవు అక్షాంశం 16 డిగ్రీల 48 నిమిషాల ప్రాంతం. రంగూను అక్షాంశం కూడా అదే. మధ్య ఉన్న దూరం సుమారు 1,500 కిలోమీటర్లు, అందులో చాలా భాగం సముద్రమే. అనగా కోరంగి నుంచి బయలుదేరి, ధ్రువనక్షత్రాన్ని ఒకే ముడి వద్ద నిలుపుకొని తూర్పుగా సాగిన ఓడ బర్మా తీరాన్ని చేరుతుంది. అక్కడి నుంచి నెగ్రాయిస్ అగ్రాన్ని చుట్టి పోతే రంగూను నదీముఖం. గోదావరి ప్రాంతానికీ బర్మాకూ ఏర్పడిన అనుబంధానికి వర్తకం, కూలి, కరవు వంటి కారణాలు అనేకం. కాని ఆ దారి మొదట అంత సుగమం కావడానికి ప్రకృతి చేసిన ఈ ఏర్పాటు కూడా తోడ్పడినదని పటం చెబుతున్నది.

ఓడ కట్టిన చేతులు

1669 నుంచి 1679 వరకు బంగాళాఖాతపు దేశాలను చూచిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నరసాపురం, మాధవాయపాలెం ప్రాంతపు ఓడల నిర్మాణాన్ని మెచ్చుకొన్నాడు. మంచి కలప, మంచి ఇనుము, నేర్పరులైన వడ్రంగులు అక్కడ లభించడం వల్ల ఇంగ్లీషు వర్తకులు తమ ఓడలను అక్కడ కట్టించుకొనేవారని వ్రాశాడు. తీరపు పడవల బొమ్మలు కూడా గీశాడు. వాటిలో మేకు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన ‘మసులా’ పడవ ఒకటి. అలల దెబ్బకు మేకులు బిగించిన పడవ పగులుతుంది. కుట్టిన పడవ వంగి తట్టుకొంటుంది. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసి నిలిచినప్పుడు, సరుకునైనా గవర్నరునైనా ఒడ్డుకు చేర్చినది ఈ కుట్టుపడవలూ తెప్పలే.

ఆ తరువాత ప్రాముఖ్యం కోరంగిది. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య వరకు తుఫానులకు భయపడి ఓడలు మద్రాసు తీరాన్ని విడిచిపోయేవి. అటువంటి బహిరంగ తీరంలో కోరంగి అఖాతం ఒక ప్రశాంతమైన ఆశ్రయం. కలకత్తాకు, సింహళంలోని ట్రింకోమలీకి మధ్య పెద్ద ఓడలను బాగుచేయడానికి అనువైన స్థలం ఇదేనని ఆనాటి ఇంగ్లీషు గ్రంథాలు పేర్కొన్నవి. 19వ శతాబ్ది ఆరంభంలో ఇక్కడ ఓడల మరమ్మతుకు డాక్ ఏర్పడినది. జాన్ ఎడీ అనే నౌకానిర్మాణ నిపుణుడు 1834లో కోరమండల్, మలబారు, సింహళ తీరాల దేశీయ నౌకలను వర్ణిస్తూ ప్రకటించిన వ్యాసంలో కోరంగి ధోనీ వర్ణన కూడా ఉన్నది. చదునైన అడుగు గల ఆ పెద్ద నావ చూపుకు మోటుగా ఉన్నా, లోతు తక్కువైన మొగలలో దూరడానికి అనువైనది. ఆ అడుగును చదునుగా చేయాలని నిర్ణయించిన వడ్రంగికి తన నదీముఖపు లోతు ఎన్ని బారలో తెలుసు. సర్వేయరు సీసపు గుండుతో తెలిసికొన్నదానిని అతడు ఉలితో చెప్పాడు.

మారిన తీరం

1789 డిసెంబరులో కోరంగి మీదికి సముద్రం మూడు పెద్ద అలలుగా విరుచుకుపడినది. 1839 నవంబరు 25న వచ్చిన తుఫాను ఉప్పెన కోరంగిని, యానాంను ముంచివేసినది. కలకత్తాలో తుఫానుల స్వభావాన్ని పరిశోధించిన హెన్రీ పిడింగ్‌టన్ ఈ కోరంగి ఉప్పెనలను ప్రత్యేకంగా చర్చించాడు. నేడు ప్రపంచమంతా వాడే ‘సైక్లోన్’ అనే మాటను 1848లో కల్పించినవాడు అతడే. 1996 నవంబరు 6 నాటి రాత్రి కోనసీమను, యానాంను కుదిపివేసిన తుఫానును చూచినవారికి ఆ పాత గ్రంథాలలోని మాటలు కథలుగా తోచవు.

అయితే కోరంగిని రేవు కాకుండా చేసినది తుఫాను మాత్రమే కాదు. దానికంటె నెమ్మదిగా, మౌనంగా పనిచేసినది గోదావరి ఒండ్రు. పాత పటాలను, తరువాతి పటాలను ప్రక్కప్రక్కన పెడితే ఇది కంటికి కనిపిస్తుంది. కోరంగి ముందరి అంకెలు పటం పటానికి చిన్నవవుతాయి. గోదావరి మొన నుంచి ఉత్తరంగా ఒక ఇసుక నాలుక సాగుతూ వస్తుంది. నేడు ‘హోప్ ఐలాండ్’ అని పిలిచే దీవి అదే. అది గడచిన రెండు శతాబ్దాలలో పెరిగి కాకినాడకు అడ్డుగోడ అయినది. ఓడలు కోరంగిని విడిచి కాకినాడకు మరలినవి. ఓడలు ఆగిన చోట నేడు మడ అడవులున్నవి. ఒక రేవు పుట్టుకను, యౌవనాన్ని, మరణాన్ని ఇంత స్పష్టంగా చూపేది సముద్ర పటమే. తీరం శాశ్వతం కాదనే హెచ్చరిక కూడా అందులో ఉన్నది. నేడు తీరంలో ఇండ్లు కట్టేవారు, మడ చెట్లు నరికేవారు ఆ హెచ్చరికను చదవవలసి ఉన్నది.

దూర సముద్రాలలో కోరంగి పేరు

రేవు పోయినా పేరు పోలేదు. ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న పగడాల సముద్రపు పటంలో ‘కోరింగా ఐలెట్స్’ అనే చిన్న దీవులున్నవి. 1845లో అక్కడ పగిలిన ‘కోరింగా పాకెట్’ అనే ఓడ పేరు వాటికి నిలిచినది. గోదావరి ఒడ్డున మరుగున పడిన రేవు పేరు ఆ విధంగా మరొక మహాసముద్రపు పటంలో సజీవంగా ఉన్నది.

మనుషులకు కూడా ఆ పేరు అంటుకొన్నది. మారిషస్‌లో తెలుగువారిని ‘కోరింగీలు’ అన్నారు. బర్మాలోనూ తెలుగు కూలీలకు ఆ పేరే వచ్చినది. ఈ పేరు వెనుక గర్వమే కాదు, దుఃఖం కూడా ఉన్నదనే సత్యాన్ని పిల్లలకు దాచిపెట్టరాదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి రేవుల నుంచి హిందూ మహాసముద్ర దీవులకు మనుషులను బానిసలుగా తరలించిన వ్యాపారం జరిగినది. 19వ శతాబ్దంలో ఒప్పంద కూలీలుగా వేలమంది ఓడలెక్కారు. శివకుని వలె తన ఇష్టాన సముద్రం దాటినవాడు ఉన్నాడు, దాటింపబడినవాడూ ఉన్నాడు. పటం మీద వారిద్దరి దారీ ఒకే గీత. ఆ గీత మీద వెళ్ళినవారిలో కొందరు అక్కడే తెలుగును నిలుపుకొన్నారు. కొందరు 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు సర్వం పోగొట్టుకొని తిరిగివచ్చారు.

పాఠశాల చేయదగిన పని

పటం చదవడం నేర్చుకొన్న విద్యార్థికి చరిత్ర, భూగోళం, గణితం వేర్వేరు పాఠాలు కావు. ఒక్క ధ్రువనక్షత్రపు దారంలో మూడూ ఉన్నవి. అయితే అంతకంటె తొందరపడి చేయవలసిన పని ఒకటి కలదు. సముద్ర పటాలు విదేశాల గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నవి. అవి ఎక్కడికీ పోవు. వాటికి మూలమైన నోటి మాట మాత్రం ఇక్కడ, ఈ ఊరి ఇండ్లలో, వృద్ధుల వద్ద ఉన్నది. నేటి పడవలలో మరయంత్రం ఉన్నది, ఉపగ్రహం దారి చెబుతున్నది. అది సంతోషింపదగినదే, ప్రాణాలు నిలుస్తున్నవి. కాని గాలులకు తాత పెట్టుకొన్న పేర్లు, నీటి రంగును బట్టి లోతు చెప్పే గుర్తులు, చేపలు దొరికే చోటును ఒడ్డు మీది గుడితో తాటిచెట్టుతో కలిపి గుర్తించే లెక్క, ఇవన్నీ మనుమనికి అవసరం లేనివై తాతతోనే ముగిసిపోతున్నవి.

తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు తలచుకొంటే ఇది నిలుస్తుంది. సముద్రం మీద బ్రతికిన పెద్దలు ఇంట ఉన్నవారు వారి మాటలను వారి పలుకుబడిలోనే వ్రాసి పాఠశాలకు ఇవ్వవచ్చు. దిద్ది, ‘శుద్ధం’ చేసి ఇవ్వనవసరం లేదు. మొగ, తిప్ప, పాయ, దిబ్బ, పోటు, పాటు వంటి మాటలు ఎన్ని తెలిస్తే అన్ని చేర్చవచ్చు. విద్యార్థులు వాటిని ఊరి పటం మీద గుర్తించవచ్చు. అటువంటి పటం ఒకటి పాఠశాల గోడపై వెలసిన నాడు, ఈ తీరపు పటాలలో మొదటిసారిగా చెప్పినవాని పేరు కూడా ప్రక్కన వ్రాసి ఉంటుంది. ఇన్ని శతాబ్దాలుగా మిగిలిపోయిన బాకీ అదే.